మిద్దె మీద గట్టు

పులిదొన చెన్నరాయస్వామికి ఒక అలవాటు ఉండేదని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఎవరైనా సందేహం అడిగితే ఆయన నోటితో జవాబు చెప్పేవారు కాదట. అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని అందించేవారట. కోపం తగ్గేదెట్లా స్వామీ అని అడిగిన ఒక పెద్దమనిషి ముందు చిక్కుపడిన బావితాడు పెట్టి విప్పమన్నారు. ఆయన సగం విప్పి, విసిగి, కోసేద్దామని కొడవలి అడిగి, అడిగిన మాట తన చెవిన తానే విని నవ్వుకుని, మళ్ళీ కూర్చుని విప్పాడట. స్వామి మాత్రం ఆ తాడును బావి గిలకకు వేసుకుని నీళ్ళు తోడుకోవడానికి పోయారు. అంతే.

మా జేజి, అంటే మా నాయన తల్లి, ఓబుళమ్మ ఆయన శిష్యురాలు. ఆమె అడిగిన ప్రశ్న, ఆమెకు దొరికిన జవాబు మా అమ్మ నోట విన్నాను. జేజిని ఎక్కడా వెనకేసుకు రాకుండా చెప్పాలని అమ్మ షరతు పెట్టింది. గురువు పాదాలు తలుచుకుని, ఆ షరతు తప్పకుండా రాస్తున్నాను.

స్వామి ఉండే చోటుకు ఆశ్రమమని పేరే గానీ అది రెండంకణాల మట్టిమిద్దె. ఆ పక్క ఊళ్ళలో అప్పట్లో ఇళ్ళన్నీ అవే. రాళ్ళూ మట్టీ పెట్టి కట్టిన లావు గోడలు, వాటి మీద దూలాలు, ఆ పైన అడ్డంగా పేర్చిన దంతెలనే సన్నకర్రలు, అన్నిటికీ పైన మట్టి. ఏటా తొలకరికి ముందు మిద్దె ఎక్కి, మొలిచిన గడ్డిని వేళ్ళతో సహా పీకి, పాత మట్టిని గీకి, నెర్రెలు పూడ్చి, చౌడు పరచాలి. చౌడంటే ఏ పంటా పండని ఉప్పునేలలో దొరికే తెల్లటి మట్టి. గింజను మొలవనీయని ఆ మట్టే, వాన పడగానే బిగిసి, నీటిని కిందికి దిగనీయకుండా ఇంటిని కాస్తుంది. పైన పడిన నీళ్ళు వాలు వెంబడి పోయి, మిద్దె అంచున ఉన్న రాతిదోనెలోంచి వీధిలోకి దూకుతాయి. ఆ దోనె నోట్లో పిచ్చుకలు గూడు పెట్టాయేమో చూసి తీసేయడం కూడా ఆ పనిలో భాగమే. ఈ ఒక్క పని మరిచిపోతే తక్కినదంతా చేసినా చేయనట్టే.

ఆ ఏడు ఆశ్రమం మిద్దెకు చౌడు వేసే సేవకు శిష్యులంతా పోగయ్యారు. అప్పటికే ఒకటి రెండు గాలివానలు పడి ఉన్నాయి, అసలు వానలు రేపో మాపో అన్నట్టున్నాయి. ఆడవాళ్ళు గంపలకెత్తి అందిస్తుంటే మగవాళ్ళు పైన పరిచారు. పని ముగిసి, అందరూ నీడకు చేరి మజ్జిగ తాగుతున్నప్పుడు మా జేజి స్వామికి ఎదురుగా కూర్చుని, కొంగు నిండా కప్పుకుని, అడిగింది.

"స్వామీ, నాది నేను కాపాడుకుంటే దోషమా?"

పక్కనున్న ఒకామె నవ్వింది. "నీది ఎవురెత్తుకుపోతుండారు మే? మీ ఇంటిపక్క కాకి కూడా వాలదు గదా!"

అందరూ నవ్వారు. జేజి నవ్వలేదు. స్వామీ నవ్వలేదు.

ఆమె ఆ మాట ఊరికే అడగలేదు. జేజి వాళ్ళ ఇల్లు, ఆమె తోడికోడలు తిమ్మక్క ఇల్లు ఒకప్పుడు ఒకటే ఇల్లు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు నడిమిగోడకు ఉన్న తలుపు తీసేసి మూసేశారు. కింద రెండిళ్ళయ్యాయి గానీ పైన మిద్దె ఒకటే, దానికి దోనె కూడా ఒకటే. ఆ దోనె జేజి వాళ్ళ వైపు ఉంది. తిమ్మక్క సగం మీద పడిన వాన, వాలు కొద్దీ జేజి సగం మీదుగా పారి దోనె చేరాలి. పెద్దాయన, అంటే తిమ్మక్క భర్త, బతికి ఉన్నన్నాళ్ళు అన్నదమ్ములిద్దరూ కలిసి చౌడు వేసేవాళ్ళు కాబట్టి ఎవరి నీళ్ళు ఎటు పోతున్నాయో ఎవరూ చూడలేదు. ఆయన పోయాక తిమ్మక్కకు మిద్దె ఎక్కే మనిషి లేకపోయాడు. ఆమె సగం మీద మట్టి వదులైంది. ఒక వానకు ఆ మట్టంతా కొట్టుకొచ్చి దోనె పూడిపోయి, నీళ్ళు నిలిచి, జేజి ఇంట్లో విత్తనానికి దాచిన చెనక్కాయల మీద కారాయి. కాయలన్నీ బూజుపట్టాయి. ఆ ఏడు విత్తనానికి ఇంటింటికీ తిరగాల్సి వచ్చింది. జేజి కోపంలో న్యాయం లేకపోలేదు.

మా జేజినాయన, అంటే జేజి భర్త, మెత్తటి మనిషి. "వదినె సగానికి కూడా మనమే చౌడేస్తే పోయిందిలే, నాలుగు గంపలు ఎక్కువ పడతాయి" అన్నాడు.

"ఒక్కసారి వేసినామంటే ఏటేటా అది మన పనే అయి కూర్చుంటుంది. వేసినందుకు మంచి రాదు, వేయని ఏడు మాట వస్తుంది" అంది జేజి.

ఆయన చేనికి పోయిన ఒక పొద్దున ఆమె తానే మిద్దె ఎక్కి, ఇద్దరి సగాలకూ నడిమి గీత వెంబడి, చేనికి వేసినట్టే, జానెడెత్తున మట్టిగట్టు వేసింది. బాగా తడిపి, తొక్కి, పైన పేడ అలికింది. చేతి పని తెలిసిన మనిషి. జేజినాయన సాయంత్రం చూసి, "చేనిగట్టు లాగే వేసినావే!" అన్నాడట. ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడో గానీ జేజి మాత్రం దాన్ని మెప్పుగానే తీసుకుంది. ఆ తరువాత ఏ వానకూ జేజి ఇంట్లో చుక్క కారలేదు. తిమ్మక్క పోట్లాటకు రాలేదు. ఒకసారి చేదబావి దగ్గర మాత్రం, కడవ ఎత్తుకుంటూ, "నీ మిద్దె బాగుందిలే ఓబుళమ్మా" అని పోయింది. తిట్టి ఉంటే జేజి మరిచిపోయేది. ఆ మాట మాత్రం వేలిలో విరిగిన ముల్లులా ఉండిపోయింది. అందుకే ఆ ప్రశ్న.

స్వామి మజ్జిగ చెంబు కింద పెట్టారు. "చౌడు ఒక గంప మిగిలినట్లుండాదే. ఎత్తుకో తల్లీ, పోదాం."

"యాడికి స్వామీ?"

"మీ మిద్దె బాగుంటుందని విన్నా. చూడాలనిపించింది."

జేజి గంప నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. గురువు తనంతట తాను తమ ఇంటికి వస్తున్నారన్న సంతోషం ఒకపక్క, మిద్దె శుభ్రంగానే ఉంది గదా అన్న ధైర్యం ఒకపక్క. దారి పొడుగునా గడ్డి ఎట్లా పీకిస్తుందో, చౌడు ఏ దిక్కు నుంచి తెప్పిస్తుందో చెబుతూనే ఉందట. స్వామి ఊ కొడుతూనే ఉన్నారట.

ఇంటికి వచ్చాక ఆయన నడిమిగోడకు ఆనుకుని కూర్చున్నారు. జేజి నీళ్ళు తేవడానికి లోపలికి పోయి వచ్చేసరికి స్వామి భుజం మీది కండువా గోడకు అంటుకుని ఉంది. తీసి చూస్తే తెల్లగా, తడిగా సున్నం. స్వామి ఆ సున్నాన్ని బొటనవేలితో రుద్ది చూశారు.

"మొన్న కొట్టినాను స్వామీ, ఇంకా ఆరలేదు" అంది జేజి.

ఆ ఎండలకు గోడకు కొట్టిన సున్నం ఒక పూటలో ఆరిపోతుందని ఆమెకు తెలుసు. స్వామికీ తెలుసు. గాలివానకు గోడ మీద నల్లటి తేమ మచ్చ కిందికి పాకితే, అది కంటికి కనబడకుండా ఉండాలని ఆమె సున్నం పూసింది. స్వామి "ఒక కడవ నిండా నీళ్ళు పట్టుకుని పైకి రా" అని నిచ్చెన వైపు నడిచారు.

పైకి ఎక్కాక ఆయన కాసేపు నిలబడి చూశారు. జేజి సగం అరచేతిలా నున్నగా ఉంది. అవతలి సగం మీద గడ్డి మొలిచి, నెర్రెలు విచ్చి, ఏనాడో వేసిన చౌడు తెల్లటి పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. నడుమ గట్టు.

"నీళ్ళు పొయ్యి" అన్నారు స్వామి.

జేజి తన వైపు వంచబోయింది.

"ఇటు కాదు. గట్టుకు అవతల."

"అది మా అక్క మిద్దె స్వామీ."

"వాన అడిగి కురుస్తుందా? పొయ్యి."

పోసింది. నీళ్ళు వాలు వెంబడి రెండు బారలు వచ్చి, గట్టుకు తగిలి, నిలిచాయి. పోవడానికి దారి లేక అటూ ఇటూ చూస్తున్నట్టు గట్టు వెంబడి కాస్త పాకాయి. ఆ తరువాత, చూస్తుండగానే, నురగలు కట్టుకుంటూ ఒక్కో నెర్రెలోకి దిగిపోయాయి.

"మీ చేన్లలో గట్టు ఎందుకేస్తారు ఓబుళమ్మా?"

"వాన నీళ్ళు పారిపోకుండా, నిలబడి భూమిలోకి ఇంకాలని..."

ఆమె మాట అక్కడ ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేనిపని చేసిన మనిషి. గట్టు దేనికో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. నీళ్ళను ఆపడానికే గట్టు. ఆపిన నీళ్ళు ఎక్కడో ఒకచోటికి దిగాలి. అది ఆలోచించకుండా వేసిందా, ఆలోచించే వేసిందా అని తనను తాను అడుక్కోవడానికి కూడా ఆమెకు ఆ క్షణాన ధైర్యం లేకపోయింది.

"యాడికి పోయినాయో చూద్దాం పా" అని స్వామి నిచ్చెన దిగారు.

తిమ్మక్క గడప తొక్కి జేజికి చాలా కాలమైంది. ఆ ఇంట్లో తిమ్మక్క కూతురు నాగవేణి తొలికాన్పుకు వచ్చి, మగబిడ్డను కని ఉంది. చిన్నమ్మ వరసైన మనిషి బాలింతకు పథ్యంలో పెట్టే కారం కొట్టి తీసుకుపోవాలి, బిడ్డను ఒడిలోకి తీసుకోవాలి. జేజి ఆ మర్యాద కూడా చేయలేదు. ఇప్పుడు గురువు వెనకాల, చౌడు అంటిన వట్టి చేతులతో గడప దగ్గర నిలబడింది.

లోపల తిమ్మక్క తల పైకెత్తి దంతెల వైపు చూస్తోంది. చేతిలో మూకుడు. చుక్కలు ఎక్కడ పడితే అక్కడికి మూకుడు జరుపుతోంది. నాగవేణి తొట్లెలోంచి బిడ్డను తీసి గుండెలకు కరుచుకుని గోడకు దూరంగా నిలబడింది. స్వామిని చూడగానే తిమ్మక్క మూకుడు వదిలేసి, నడిమిగోడకు వేలాడదీసిన కంబళిని గబగబా సర్దింది. ఆ తరువాతే చేతులు జోడించింది.

"రాండి స్వామీ, రాండి. కూర్చోండి. ఏం కాలమో చూడండి, చినుకు పడకుండానే ఇల్లు కారుతోంది."

స్వామి మా జేజి వైపు చూశారు. తిమ్మక్క కూడా జేజి వైపు చూసింది. ఇక మాట్లాడవలసినది ఒక్కరే.

"నేనేనక్కా" అంది జేజి. "నేనే పోసినా. ఒక కడవ."

నాగవేణి ఊరుకునే పిల్ల కాదు. "వానదేవుడు ఒక్కడే చాలడని నువ్వు కూడా కడవ ఎత్తుకుని పైకెక్కినావా చిన్నమ్మా?"

"నోరు ముయ్యే! స్వామి ముందర ఏం మాటలు అవి?" అని తిమ్మక్క కసిరింది.

"ఆమె పోస్తే లేదు గానీ నేను అంటే వచ్చిందా తప్పు?"

స్వామి మెల్లగా గోడ దగ్గరకు పోయి కంబళి కొస పట్టుకుని పక్కకు తొలగించారు. తిమ్మక్క "వద్దు స్వామీ" అంది గానీ అప్పటికే తొలగిపోయింది. గోడ కడుపుతో ఉన్న మనిషిలా ఉబ్బి ఉంది. నల్లటి తేమ దూలం కింది నుంచి మొదలై నడుము దాకా దిగింది. జేజి దగ్గరకు పోయి వేలు పెట్టింది. వేలు జున్నులోకి దిగినట్టు దిగిపోయింది. ఆ గోడ మీద ఆనిన దూలానికే తొట్లె తాళ్ళు కట్టి ఉన్నాయి.

"అక్కా" అంది జేజి. "ఇట్లుంది అని ఒక్క మాట నాతో అనకూడదా?"

తిమ్మక్క నేల మీద పడ్డ మూకుడు తీసి పక్కన పెట్టింది.

"చెప్పాలనే నీ వాకిలి దాకా వచ్చి తిరిగిపోయినా. చెప్పినాక కూడా నువ్వు ఆ గట్టు తీయకపోతే? అప్పుడు రోజూ నీ మొహం ఎట్ల చూసేది నేను? చెప్పకపోతే, నీకు తెలీదులే, తెలిస్తే తీసేసేదే అనుకోవచ్చు గదా. అట్ల అనుకుని బతుకుతుంటి."

ఎవరైనా కొట్టి ఉంటే జేజి తల ఎత్తి ఎదురు మాట్లాడి ఉండేది. ఇది కొట్టడం కాదు. తనకు తెలియదని నమ్మడానికి తిమ్మక్క అంత కష్టపడుతున్న రోజుల్లోనే, తాను గోడకు ఇవతలి పక్క కూర్చుని మచ్చ మీద సున్నం పూసింది. ఆ సంగతి ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు, తనకూ స్వామికీ. స్వామి కండువా మీద ఆ తెలుపు ఇంకా ఉంది. ఆయన దాన్ని దులుపుకోలేదు. దులుపుకోమని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

అంతలో పడమట ఉరిమింది.

జేజి ఇంకేమీ అనకుండా బయటికి పరుగెత్తింది. నిచ్చెన ఎక్కి గట్టును చేతులతోనే పెరకడం మొదలుపెట్టింది. తాను తొక్కి బిగించిన గట్టు కదా, సులువుగా రాలేదు. గోళ్ళు చిట్లాయి. మబ్బు చూసి చేను విడిచి వచ్చిన జేజినాయన, ఏమిటని అడగకుండా పార తెచ్చి సాయం పట్టాడు. గట్టు పోయాక ఆశ్రమం నుంచి తెచ్చిన గంపెడు చౌడూ తిమ్మక్క నెర్రెల్లో కూరారు. చాలలేదు. జేజి తన సగం మీద పరిచినదే గీకి అటు ఎత్తిపోసింది. ఆ తరువాత ఆయన కిందికి దిగి, తిమ్మక్క ఇంట్లో దూలం కింద ఒక మొద్దు నిలబెట్టి ఆనించాడు. జేజి బిడ్డ కోసం రెండు చేతులూ చాచింది. నాగవేణి ఇవ్వలేదు.

"నేనే ఎత్తుకుంటా. యాడికి రావాల్నో చెప్పు."

"మా ఇంటికి రాండి. తొట్లె మా దూలానికి కడదాం."

వాన గట్టిగానే కురిసింది. తిమ్మక్క సగం మీది నీళ్ళు జేజి సగం మీదుగా, ఆమె నున్నటి చౌడును కోసుకుంటూ, ఎర్రగా పారి దోనెలోంచి దూకాయి. ఇంట్లో అందరూ ఆ చప్పుడు వింటూ కూర్చున్నారు. గోడ మాత్రం అప్పటికే తాగాల్సినంత తాగి ఉంది. వాన నడుమ అవతలి నుంచి బరువుగా ఏదో జారిన శబ్దం వచ్చింది. జేజినాయన పోయి చూసి వచ్చాడు. మొద్దు నిలబెట్టడం వల్ల దూలం నిలిచింది గానీ, గోడ పై భాగం ఉబ్బిన మేర లోపలికి జారిపోయింది. రాళ్ళు సరిగ్గా తొట్లె ఊగే చోట పడ్డాయి. ఆయన ఆ మాట మెల్లగానే చెప్పాడు. నాగవేణి బిడ్డను ఇంకా దగ్గరికి లాక్కుంది. తిమ్మక్క "ఈశ్వరా" అంది. జేజి వైపు ఎవరూ చూడలేదు. చూడకపోవడమే ఆమెకు భరించరానిదైంది.

స్వామి వాన వెలిశాక చేతికర్ర తీసుకుని ఆశ్రమానికి పోయారు.

జవాబు అక్కడితో అయిపోయిందని మా జేజి అనుకుంది. జారిన గోడను జేజినాయనా ఆమే మట్టి తొక్కి మళ్ళీ ఎత్తారు. తిమ్మక్క మిద్దె గీకి, గడ్డి పీకి, చౌడు వేశారు. తిమ్మక్క వద్దనలేదు, మంచిదానివి అని కూడా అనలేదు. కావలసిన నీళ్ళు తోడి పెట్టి, మధ్యాహ్నం ఇద్దరికీ సంగటి పెట్టింది. గోడ పూర్తిగా ఆరకముందే బిడ్డకు పేరు పెట్టే పండగ వచ్చింది. నాగవేణి అత్తగారు కొండమ్మ బంధువులను వెంటబెట్టుకుని బండి కట్టించుకుని వచ్చింది. పండగ అయ్యాక కోడలినీ మనవడినీ తీసుకుపోవడానికి కూడా.

కొండమ్మ చూపు మంచిది. కొత్త మట్టి ఆమె కంటికి దాగుతుందా? విస్తరి ముందు కూర్చుంటూనే గోడ వైపు గడ్డం ఎగరేసింది.

"ఏం వదినా, గోడ నిన్ననే కట్టినట్లుందే! మా మనవడిని ఈ నెమ్ములోనేనా పండబెట్టింది?"

తిమ్మక్క వడ్డిస్తున్న గరిటె ఆపకుండా, "పాత గోడ వదినా. మా మామ కాలంది. వానకు నానింది. బిడ్డను ముందే పక్కింటికి మార్చుంటిమి" అంది.

"నానదా మరి, కాసుకోకపోతే? మగదిక్కు లేని ఇల్లు అని అందరూ అంటారు గానీ, మిద్దె కాసుకోవడం ఆడదాని చేతిలో ఉండాది." కొండమ్మ విస్తరి మీద నీళ్ళు చల్లుకుంటూ మా జేజి వైపు తిరిగింది. "ఇదో, ఈ ఓబుళమ్మ వదినను చూడు. గోడకు అవతలే గదా ఉండేది! వాళ్ళింట్లో చుక్క కారదంట. ఊరంతా చెప్పుకుంటుండారు. ఆయమ్మను చూసి నేర్చుకోవాల. ఏం నాగవేణీ, మీ అమ్మ దగ్గర కాదు, మీ చిన్నమ్మ దగ్గర నేర్చుకుని రావాల్సింది నువ్వు!"

వచ్చినవాళ్ళు నవ్వారు. నాగవేణి తల దించుకుంది. అంత నోరున్న పిల్ల, ఒక్క మాట అనలేదు. తిమ్మక్క ముఖం ఎర్రబడింది గానీ గరిటె తొణకలేదు. "అవును వదినా, ఓబుళమ్మ పని శుభ్రంగా ఉంటుంది" అంది.

జేజి చేతిలో మజ్జిగ దుత్త ఉంది. ఆ పొగడ్త ఒంటి మీద ఎక్కడ పడిందో అక్కడల్లా కాలింది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే తాను మనిషిని కాననిపించింది. అందరి ముందూ చెప్పేయాలి, గట్టు వేసింది నేను, గోడ నానింది నా వల్ల, తెలిసీ సున్నం పూసి దాచింది నేను అని. తిట్టినా పడాలి, ఉమ్మేసినా పడాలి. చెప్పేస్తే ఈ మంట చల్లారుతుంది. దుత్త కింద పెట్టి, కొంగు సవరించుకుని, "కొండమ్మొదినా" అంది.

ఆ వరసలో చివరి విస్తరి దగ్గర స్వామి కూర్చుని ఉన్నారు. బిడ్డకు చెవిలో పేరు చెప్పినది ఆయనే. జేజి నిలబడిన చోటు ఆయనకు చేయి చాచితే అందేంత దూరం. ఆయన తల ఎత్తలేదు. అన్నం కలుపుకుంటూనే, ఆమె ఒక్కదానికే వినబడేటట్టు అన్నారు.

"చెప్పేసి నువ్వు నీ ఇంట్లోకి పోతావు తల్లీ. ఆ పిల్ల మాత్రం ఆయమ్మ బండెక్కి పోవాల."

జేజి దుత్త మళ్ళీ చేతికి తీసుకుని, "మజ్జిగ పోయమంటావా వదినా?" అంది.